పొగగొట్టం ఉంచి ఫ్లాట్లు కట్టొచ్చా? పాత మిల్లు స్థలాలపై పాఠకుల ప్రశ్నలు

కాలువ గట్ల వెంబడి మూతపడ్డ రైసుమిల్లులు, రాజమహేంద్రవరం చుట్టూ పెంకుల ఫ్యాక్టరీలు ఒకప్పుడు ఊరి చివర ఉండేవి. ఊళ్లు పెరిగి ఇప్పుడవి నడిబొడ్డుకొచ్చాయి. ఈ నెల మాకందిన ఉత్తరాల్లో సగానికి పైగా ఆ స్థలాల గురించే. ఒకేలాంటివి కలిపేశాం. కట్టడం సంగతులకు స్ట్రక్చరల్ ఇంజనీరు, కాగితాల సంగతులకు న్యాయవాది జవాబులు రాశారు.

ప్రశ్న: తణుకు దగ్గర మా తాతగారి నాటి ఉప్పుడు బియ్యం మిల్లు ఉంది, ఎకరం పది సెంట్లు. మూతపడి చాలా ఏళ్లయింది. ముందు గోడ అలాగే ఉంచి వెనక అయిదంతస్తులు వేస్తామని ఒక బిల్డరు గారు అడుగుతున్నారు. అగ్రిమెంటు కాగానే కప్పు దింపి, ఇనుము, టేకు అమ్మి ఆ డబ్బుతో పని మొదలుపెడతారట. ఒప్పుకోవచ్చా?

వద్దు. మిగతా షరతులన్నీ నచ్చినా ఈ ఒక్కటి ఒప్పుకోకండి. పాత మిల్లులో కప్పు వాన ఆపడానికే లేదు. రెండు పొడుగాటి గోడల్ని పైన కలిపి పట్టుకున్నవి కప్పును మోసే త్రికోణపు చట్రాలు, అంటే ట్రస్సులే. అవి దిగిన మర్నాటి నుంచి గోడ తనంతట తను నిలబడాలి. నిలబడుతుందో లేదో మీరే లెక్క వేసుకోండి.

మన కోస్తాకు డిజైన్లలో తీసుకునే గాలి వేగం సెకనుకు 50 మీటర్లు. అంత గాలికి చదరపు మీటరు గోడ మీద దాదాపు 150 కిలోల తోపు పడుతుంది. గోడ 20 అడుగుల ఎత్తు, అడుగున్నర మందం అనుకోండి. అందులో పది అడుగుల పొడవు ముక్క మీద పడే తోపు 2.8 టన్నులు. అది సగం ఎత్తులో పనిచేస్తుంది కాబట్టి గోడను పడదోసే బలం 28 టన్ను-అడుగులు. ఆ ముక్క బరువు సుమారు 16 టన్నులు. గోడ మధ్య నుంచి అంచుకు ఉన్నది ముప్పావు అడుగే గనక నిలబెట్టే బలం 12 టన్ను-అడుగులు. ఇళ్లు, చెట్లు అడ్డం ఉన్నాయని గాలిని కాస్త తగ్గించి వేసినా ఈ తేడా పూడదు. పాత సున్నం లాగుడుకు ఆగుతుందని దాన్ని లెక్కలో కలపకూడదు. 1996 నవంబరు 6న కోనసీమను ఊడ్చేసిన తుపాను లాంటిదే రానక్కర్లేదు, అందులో సగం గాలికే పగుళ్లు తేలతాయి.

వాన సంగతి వేరే. కప్పు కింద దాగిన గోడ పైభాగం నీళ్లు తట్టుకునేలా కట్టింది కాదు. లోపల ఇటుక ముక్కలు, మెత్తటి సున్నం. ఒక్క వానాకాలం నానితే సున్నం కొట్టుకుపోయి, పై రెండు మూడడుగులు చేత్తో ఊడబీకేలా తయారవుతుంది.

డబ్బు చేతికి రాకముందే కప్పు విప్పితే ఏమవుతుందో లండన్‌లోని బాటర్‌సీ విద్యుత్ కేంద్రం చూపించింది. 1983లో అది మూతపడ్డాక వినోద కేంద్రం చేస్తామని తీసుకున్నవాళ్లు యంత్రాలు బయటికి లాగడానికి కప్పు తీసేశారు. 1989లో డబ్బు లేక పని ఆగింది. తర్వాత ఇరవై ఏళ్లకు పైగా లోపలి ఉక్కు చట్రం వానలో తడుస్తూనే ఉంది. 2012లో మలేసియా సంస్థలు కొన్నాక పని గట్టిగా సాగి, ఫ్లాట్లు, ఆఫీసులు, దుకాణాలతో 2022 అక్టోబరులో జనానికి తెరుచుకుంది. అంత పెట్టుబడి వెనకున్నవాళ్లు కాబట్టి తేరుకున్నారు. మన దగ్గర ఆ పరిస్థితిలో గోడ కూలుతుంది, కేసు మిగులుతుంది.

పని ఈ వరసలో నడవాలి. మాస్టర్ ప్లానులో మీ స్థలం పారిశ్రామిక జోన్‌లో ఉంటే మొదట దాన్ని నివాస జోన్‌కు మార్పించాలి. అభ్యంతరాలకు ప్రకటన ఇస్తారు, తర్వాత ప్రభుత్వం ఉత్తర్వు ఇవ్వాలి. దీనికి నెలలు పడుతుంది. తర్వాత ప్లాను మంజూరు. ఈ రెండూ చేతికొచ్చేదాకా ఒక్క పెంకు కూడా కదపకూడదని అగ్రిమెంటులో రాయించండి. ఆ తర్వాత గోడకు రెండువైపులా ఉక్కు ఆసరాలు, లోపల కొత్త పునాదులు, కొత్త స్తంభాలు. ప్రతి అంతస్తు స్లాబు దగ్గరా పాత గోడను స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీలతో కొత్త చట్రానికి కట్టేయాలి. మామూలు ఇనుప కడ్డీలు వాడితే పదేళ్లలో తుప్పుపట్టి ఉబ్బి ఇటుకను పగలగొడతాయి. గోడకు కొత్త పట్టు దొరికాకే ట్రస్సులు దింపాలి. అదీ ఒకేసారి కాదు, ఒక గది మేర కప్పు దించి, దాని గోడ తల మీద సున్నం-సుర్కీ (ఇటుక పొడి)తో వాలుగా మూతపోసి, తర్వాత పక్కగది. దీనికి అనువైన కాలం సంక్రాంతి నుంచి మార్చి చివరి దాకా. ఆ తర్వాత ఈదురుగాలులు, ఆపైన వానలు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్లు.

"ముందు గోడ మాత్రమే" అన్నది కూడా మాకు నచ్చలేదు. ఒంటి గోడను నిలబెట్టడానికి ఆసరాల ఖర్చే ఎక్కువవుతుంది. రెండు చివరల్లో పక్క గోడల్ని పదేసి అడుగులైనా మూలతో సహా ఉంచితే గోడ తన కాళ్ల మీద చాలావరకు తనే నిలబడుతుంది. పైగా ఇంటి ముందు అతికించిన బొమ్మలా కాకుండా నిజంగా మిల్లులా కనిపిస్తుంది.

ఇనుము, టేకు అమ్మకం విడిగా రాసుకోండి. లోడు బయటికి వెళ్లేటప్పుడు మీ మనిషి ఎదుట కాటా వేయించి, చీటీ రెండు ప్రతులు తీసుకుని, డబ్బు ఇద్దరి సంతకాలతో నడిచే ఖాతాలో వేయాలి. జోన్ మార్పు రాకపోతే అడ్వాన్సు సంగతేమిటో కూడా ముందే తేల్చుకోండి. ఈ ఒక్క వాక్యం లేకే ఎన్నో అగ్రిమెంట్లు కోర్టుల్లో ఉన్నాయి.

ప్రశ్న: మండపేట వైపు మా మిల్లు ఇటుక పొగగొట్టం 80 అడుగులుంటుంది. పైన రావిమొక్క మొలిచింది, కొంచెం ఒరిగినట్టు కూడా కనిపిస్తోంది. దాన్ని ఉంచి చుట్టూ ఫ్లాట్లు వేస్తే అందంగా ఉంటుందని మా అబ్బాయి, కూల్చేయమని మేస్త్రి గారు. ఏది మంచిది?

ఒరిగిందా లేదా అన్నది కంటికి తెలియదు. నేల మీంచి చూస్తే మబ్బులు కదులుతున్నప్పుడు ఏ గొట్టమైనా పడిపోతున్నట్టే ఉంటుంది. టోటల్ స్టేషన్ అనే సర్వే యంత్రంతో ఒకదానికొకటి లంబంగా ఉన్న రెండు దిక్కుల నుంచి, ప్రతి పది అడుగులకూ కొలతలు తీయించండి. గొట్టమంతా వంకర లేకుండా ఒకే కోణంలో ఒరిగి ఉంటే తప్పు పునాదిలో ఉంది. కింద బాగుండి పైన మాత్రమే వంగితే పైభాగంలో సున్నం చెడిపోయింది. ఆరు నెలల తర్వాత మళ్లీ కొలిపించండి. కదలిక లేదంటే అది పాత వంపు, దానితో బతకొచ్చు. ఎంత వంపు వరకు పర్వాలేదన్నది గొట్టం బరువు, గాలి తోపు రెండూ కలిపి ఆ బలం అడుగున మధ్యభాగంలోనే పడుతోందా అని ఇంజనీరు వేసే లెక్క. ఇన్ని అంగుళాలని నోటిమాటగా చెప్పేవాళ్లను నమ్మకండి.

చాలా గొట్టాల్లో చెడేది పైన పది పదిహేను అడుగులు. బొగ్గు కాల్చిన మిల్లుల్లో పొగలోని గంధకం చల్లబడి ఆమ్లమై పైకొనలో సున్నాన్ని తినేస్తుంది. ఊక మాత్రమే కాల్చినచోట ఆ బాధ తక్కువ. రెండో శత్రువు ఇటుకల్లో పాతిన ఇనుము, అంటే ఎక్కడానికి వేసిన మెట్లు, చుట్టూ బిగించిన పట్టీలు. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఉబ్బి ఇటుకను చీలుస్తుంది. నిలువు పగుళ్లు ఆ మెట్ల వరస వెంబడే ఉంటే కారణం అదే. మెట్లు కోసి తీసేసి, రంధ్రాలు సున్నంతో మూసి, పట్టీలు కావాలంటే గాల్వనైజ్ చేసినవి బయటివైపున వేయాలి.

రావిమొక్కను పీకొద్దు. దాని వేరు ఇటుక సందుల్లో గజాల కొద్దీ పాకి ఉంటుంది, పీకితే గోడ ముక్కతో సహా వస్తుంది. అరడుగు మోడు మిగిలేలా కోసి, కోసిన ముఖం ఆరకముందే కలుపుమందు పూయాలి. ఈ పని పెస్ట్ కంట్రోల్ వాళ్లతో చేయించండి. మళ్లీ చిగురు వేస్తే మళ్లీ కోయాలి. రెండు మూడు నెలలకు వేరు ఎండి కుంచించుకుంటుంది. అప్పుడు ఆ వరసల ఇటుకలు విప్పి, వేరు తీసి, సున్నంతోనే మళ్లీ కట్టాలి.

ఉంచడానికి నిర్ణయించుకుంటే గొట్టం నోటికి గాలి ఆడే మూత, అడుగున నీళ్లు నిలవకుండా కాలవ, పిడుగు కడ్డీ తప్పవు. రెండువైపులా రాగి పట్టీలు దింపి, ఎర్తు నిరోధం 10 ఓమ్‌ల లోపు ఉండేలా చూడాలి. మన తడి నేలలో అది సులువుగానే వస్తుంది. గొట్టం పక్కన పైల్స్ (నేలలో లోతుగా దింపే పునాది స్తంభాలు) వేసేటప్పుడు కొట్టి దింపే రకం వాడకూడదు, తొలిచి కాంక్రీటు పోసే రకమే వాడాలి.

పైభాగం చెడి ఉంటే మధ్యేమార్గం ఉంది. పై మూడోవంతు చేత్తో వరసవరసగా విప్పి, పొట్టి గొట్టంగా ఉంచుకోవచ్చు. విప్పి మళ్లీ కట్టుకోవడంలోనూ తప్పేం లేదు. బాటర్‌సీలో నాలుగు పొగగొట్టాలూ కాంక్రీటువి, లోపలి ఇనుము తుప్పుపట్టిందని తేలాక అన్నిటినీ విప్పి, అదే ఆకారంలో 2014-17 మధ్య కొత్తగా కట్టారు. ఒకదాంట్లో ఇప్పుడు లిఫ్టు కూడా నడుస్తోంది.

పూర్తిగా తీసేయాలనుకుంటే మాత్రం అడుగున ఇటుకలు కొట్టి తాడుతో లాగే పద్ధతి వద్దే వద్దు. అనుకున్నవైపే పడుతుందన్న హామీ లేదు. పైనుంచి విప్పుకుంటూ, ఇటుకల్ని గొట్టం లోపలికే జారవిడిచి, అడుగున తలుపు నుంచి రోజూ ఎత్తిపోయాలి. లోపల కుప్ప పెరిగితే పక్కలకు ఒత్తుతుంది.

ప్రశ్న: పాలకొల్లులో మా మిల్లు స్థలం 90 సెంట్లు, పక్కనే కాలువ. కింద సెల్లారులో కార్లు, పైన అయిదంతస్తులని బిల్డరు గారి ప్లాను. మే నెలలో బోరు వేస్తే నీళ్లు 12 అడుగుల కింద తగిలాయి, భయం లేదంటున్నారు. నిజమేనా?

మే నెలలో చూసిన నీటిమట్టం డెల్టాలో చెల్లదు. దాళ్వా కోతలయ్యాక ఏప్రిల్ నడుమ నుంచి జూన్ దాకా కాలువలు కట్టేస్తారు. అప్పుడు కాలువ ఒడ్డు స్థలంలో ఊట కిందికి దిగుతుంది. నీళ్లు వదిలాక, వానలు కూడా పడ్డాక, ఆగస్టు-సెప్టెంబరుల్లో అదే చోట మూడడుగుల్లో నీళ్లుంటాయి. బోరు గుంటలో సన్నరంధ్రాల పీవీసీ పైపు దింపి, మూత పెట్టి, వారానికోసారి కొలత రాసుకోండి. ఒక్క ఖరీఫ్ గడిస్తే అసలు మట్టం తెలిసిపోతుంది.

ఇక సెల్లారు లెక్క. రాఫ్టు (సెల్లారు కింద పరిచే కాంక్రీటు పలక) అడుగు నేలకు 4 మీటర్ల కింద, ఊట 1 మీటరు కింద అనుకుంటే 3 మీటర్ల నీరు రాఫ్టును పైకి తోస్తుంది. అంటే చదరపు మీటరుకు 3 టన్నులు. 60 సెంటీమీటర్ల రాఫ్టు బరువు 1.5 టన్నులు. ఒక్కో అంతస్తు మరో టన్ను చొప్పున కలుపుతుంది. 20 శాతం భద్రత చూసుకుంటే 3.6 టన్నులు కావాలి. అంటే రాఫ్టు మీద మూడో స్లాబు పడేదాకా నీళ్లు తోడే మోటార్లు రాత్రింబవళ్లు ఆగకూడదు. ఒక రాత్రి కరెంటు పోయి, జనరేటరులో డీజిలు అయిపోతే, కట్టడం ఖాళీ పడవలా ఒకవైపు లేస్తుంది. లేచింది మళ్లీ సరిగ్గా దిగదు. నీళ్ల సంపులు కూడా ఇలాగే లేస్తుంటాయి, చిన్నవి కాబట్టి ఎవరూ పట్టించుకోరు.

రెండో ప్రమాదం పక్కింటికి. అడుగున ఇసుక పొర ఉంటే మోటారు నీళ్లతో పాటు మెత్తటి ఇసుకను కూడా లాగేస్తుంది, పక్క ఇళ్ల కింద డొల్ల పడుతుంది. బయటికొచ్చే నీళ్లను ఒక తెల్ల బకెట్టులో పట్టి పావుగంట కదపకుండా ఉంచండి. అడుగున వేలిమందం ఇసుక పేరుకుంటే వెంటనే పని ఆపించి, గుంట చుట్టూ నీళ్లు తోడే సన్నటి, జల్లెడ కట్టిన వెల్‌పాయింట్లు వేయించాలి.

మా సలహా: సెల్లారు మానేసి స్టిల్టు పార్కింగు (నేలమట్టంలో స్తంభాల మధ్య కార్లు నిలిపే చోటు) వేసుకోండి. భీమవరం యనమదుర్రు లాంటి డ్రెయిన్ల పక్కనైతే ఇంకా తప్పదు. వరదకు డ్రెయిను ఎదురు తన్నినప్పుడు సెల్లారు నిండే మొదటి జాగా అవుతుంది.

మట్టి పరీక్షలో పొదుపు చూడకండి. ఎకరం స్థలానికి నాలుగు మూలలా ఒక్కోటి, మధ్యలో ఒకటి, మొత్తం అయిదు బోర్లు ప్రమాణం. రెండు బోర్లు వేసి అయిదింటి రిపోర్టు రాసేవాళ్లున్నారు, బోరు వేసే రోజున దగ్గరుండండి. నల్లరేగడికి ఫ్రీ స్వెల్ ఇండెక్స్ (నీళ్లలో మట్టి ఎంత ఉబ్బుతుందో చెప్పే అంకె) అడగండి, 50 శాతం దాటితే ఆ మట్టి ఎండకు కుంచించుకుని వానకు ఉబ్బి పునాదిని ఆడిస్తుంది. ఊట నీళ్లలో క్లోరైడు, సల్ఫేటు కూడా చూపించాలి.

మిల్లు స్థలానికి ప్రత్యేకంగా మరో రెండు ఉన్నాయి. ఒకటి, ఊక బూడిద. దశాబ్దాల తరబడి బాయిలర్ బూడిదను పెరట్లో గుంటల్లో పోసి ఉంటారు. తడిగా ఉన్నప్పుడు అది అచ్చం నల్లమట్టిలా కనిపించి మోసం చేస్తుంది. ఒక ముద్ద తీసి రెండు రోజులు ఎండబెట్టండి. మట్టయితే రాయిలా గట్టిపడుతుంది, బూడిదయితే తేలిగ్గా ఉండి వేళ్ల మధ్య పొడైపోతుంది. దాని మీద ఏ పునాదీ నిలవదు, ఎంత తొక్కించినా గట్టిపడదు. పూర్తిగా తవ్వి తీసేసి గ్రావెలుతో పొరలు పొరలుగా నింపాలి. రెండు, పాత యంత్రాల దిమ్మెలు. ఇంజను, బాయిలరు కింద పోసిన దిమ్మెలు, వడ్లు నానబెట్టే తొట్లు, పూడ్చేసిన నుయ్యి, నేలలోని పొగ కాలువ. ఇవేవీ బోరులో తగలకపోవచ్చు, కాని పైల్ రిగ్గు వచ్చిన రోజున తగులుతాయి. రిగ్గు అద్దె రోజుల లెక్కన నడుస్తుంటుంది. కాబట్టి ముందే జేసీబీతో అడ్డంగా, నిలువుగా నాలుగైదు కందకాలు తవ్వించి, తగిలినవన్నీ ప్లాను మీద గుర్తు పెట్టించండి. పాత గోడకు ఆనుకుని మాత్రం పొడుగు కందకం తవ్వొద్దు. ఆ గోడల పునాది మూడు నాలుగడుగుల లోతే ఉంటుంది, పక్క మట్టి తీస్తే జారుతుంది.

అయిదంతస్తులకు ఇక్కడ తొలిచి పోసే పైల్స్ మేలు. అడుగున గుండు వచ్చే అండర్ రీమ్డ్ రకం బంకమట్టిలో తేలిక కట్టడాలకు బాగుంటుంది కాని, నీళ్లున్న ఇసుకలో ఆ గుండు తొలుస్తుండగానే కూలిపోతుంది. గుంట అడుగున పేరుకున్న బురదను కాంక్రీటు పోసే ముందు బెంటొనైట్ (ఒక రకం బంకమట్టి) కలిపిన నీళ్లతో కడగాలి. కాంక్రీటును గుంట అడుగుకు దింపే ట్రెమీ పైపు కొన ఎప్పుడూ కాంక్రీటులో మునిగే ఉండాలి, పైకి తేలితే మధ్యలో మట్టి దూరి పైలు తెగిపోతుంది. డిజైను బరువుకు ఒకటిన్నర రెట్లు పెట్టి చేసే లోడు పరీక్ష ఏ పైలు మీద చేయాలో మీ ఇంజనీరు ఎంచాలి, కాంట్రాక్టరు కాదు.

ప్రశ్న: రాజమహేంద్రవరంలో పాత పెంకుల ఫ్యాక్టరీ గోడల్ని బాగుచేసే పని తీసుకున్నాం. నేల నుంచి నాలుగడుగుల దాకా చౌడు పట్టి సిమెంటు ప్లాస్టరింగు ఏటా ఊడిపోతోంది. ఏ రసాయనం కలిపితే నిలుస్తుంది? (ఒక తాపీమేస్త్రి)

మేస్త్రి గారూ, ఏది కలిపినా నిలవదు, ఎందుకంటే తప్పు సిమెంటులోనే ఉంది. పాత గోడలకు అడుగున డీపీసీ (తేమ పైకెక్కకుండా ఆపే పొర) లేదు. నేల తేమ ఇటుకలోంచి పైకెక్కి, ఉప్పును వెంట తెచ్చి, గోడ ముఖం మీద ఆరుతుంది. సున్నం ప్లాస్టరయితే తేమను బయటికి వదులుతుంది. సిమెంటు వదలదు. దాంతో తేమ ఇంకా పైకెక్కుతుంది, ఉప్పు ప్లాస్టరు వెనక స్ఫటికాలుగా కట్టి, ప్లాస్టరుతో పాటు ఇటుక చర్మాన్ని కూడా ఊడదీస్తుంది. మీరు రాలిన పెచ్చు వెనక్కి తిప్పి చూడండి, ఎర్రటి ఇటుక పొర అంటుకుని ఉంటుంది.

చౌడు గీత కంటే రెండడుగులు పైదాకా సిమెంటంతా తీసేయండి. ఉప్పును పొడి బ్రష్షుతో దులపాలి. నీళ్లతో కడిగితే మళ్లీ లోపలికే పోతుంది. సందులు అంగుళం లోతు గీకండి. నేలకు అరడుగు పైన, ఇటుకల మధ్య సున్నం వరసలో, ప్రతి అయిదంగుళాలకు 12 మిల్లీమీటర్ల రంధ్రం, అవతలి ముఖానికి ఒకటిన్నర అంగుళం మిగిలేదాకా తొలిచి, సిలేన్ క్రీము (ఇటుకను నీళ్లు పీల్చనివ్వని మందు) నింపండి. గోడ అడుగున్నర దాటితే రెండువైపుల నుంచీ తొలవాలి. తర్వాత తొందరపడొద్దు. గోడ ఆరడానికి అంగుళం మందానికి నెల పడుతుందని మోటు లెక్క. ఈలోగా సున్నం ఒకపాలు, సుర్కీ-ఇసుక మూడుపాళ్లతో పల్చటి ప్లాస్టరు వేసి, ఉప్పు లాగేశాక దాన్ని గీకేసి మళ్లీ వేయాలి. మొదటి పూత ఊడిపోవడానికే వేస్తున్నామని యజమానికి ముందే చెప్పండి, లేకపోతే డబ్బు దగ్గర పేచీ వస్తుంది. ఎండలు ముదిరాక సున్నం పని పెట్టుకోవద్దు, తడి గోనెలు కప్పినా త్వరగా ఆరి పొడిరాలుతుంది.

ప్రశ్న: కాకినాడలో బ్యాంకు వేలంలో అమ్ముడైన పాత మిల్లు స్థలంలో ఫ్లాట్లు వేస్తున్నారు. రేటు తక్కువగా ఉంది. కొనేముందు ఏం చూడాలి?

రేటు తక్కువెందుకో చూడాలి. వేలాల్లో "ఉన్నది ఉన్నట్టు" అని అమ్ముతారు, అంటే పాత బాకీలు కూడా వెంట రావచ్చు. పాత కంపెనీ కరెంటు బకాయిల్ని వేలంలో కొన్నవారి నుంచి అడగొచ్చని సుప్రీంకోర్టు 2023 మేలో చెప్పింది. డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) నియమాలు, వేలం షరతులు అందుకు వీలిస్తే చాలు. పీఎఫ్ బకాయిలకు కూడా చట్టంలో మొదటి హక్కుంది. బిల్డరును ఇక్కడి కరెంటు సంస్థ ఏపీఈపీడీసీఎల్ నుంచి, పీఎఫ్ కార్యాలయం నుంచి బాకీ లేదన్న కాగితాలు అడగండి. తేకపోతే రేటు ఎందుకు తక్కువో తెలిసినట్టే.

30 ఏళ్ల ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), వేలం సేల్ సర్టిఫికెట్, లింకు డాక్యుమెంట్లు వరసగా చదివించండి. అన్నిటికంటే ముందు సర్వే. పాత మిల్లులు పడవల మీద వడ్లు, బొగ్గు దిగడానికి వీలుగా కాలువ వారనే కట్టారు. ర్యాంపు, కళ్లం, గోడౌను మూల కాలువ పోరంబోకులోకి జరిగి ఉండటం మామూలే. ప్రహరీ ఉన్నంత మాత్రాన స్థలం తమది కాదు. సర్వేయరు కొలతకు, దస్తావేజుకు, ఎఫ్ఎంబీకి (ప్రభుత్వ సర్వే కొలతల పటం) మధ్య తేడా ఎంతో చూసి, నీటిపారుదల శాఖ ఎన్ఓసీ ఉందా అడగండి. మీ అవిభాజ్య వాటా (స్థలంలో మీ ఫ్లాటుకు వచ్చే భాగం) లెక్క కట్టింది పోరంబోకుతో కలిపి అయితే కాగితం మీది గజాలు నేల మీద ఉండవు.

స్థలం 500 చదరపు మీటర్లు దాటి, ఫ్లాట్లు ఎనిమిదికి మించితే రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నమోదు తప్పనిసరి. రెరా సైటులో ప్లాను, జోన్ మార్పు ఉత్తర్వు, గడువు తేదీ చూడండి. మొత్తం ధరలో పదో వంతుకు మించి అడ్వాన్సు తీసుకోవాలంటే ముందు అగ్రిమెంటు రిజిస్టరు చేయాలి. మంజూరు సమయంలో పదోవంతు కట్టడాన్ని మున్సిపాలిటీకి తనఖా పెడతారు. మీరు చూసిన ఫ్లాటు ఆ వాటాలో ఉందేమో ప్లానులో వెతకండి. కట్టేటప్పుడు కొంటే జీఎస్టీ 5 శాతం, 45 లక్షల లోపు ధర, 90 చదరపు మీటర్ల లోపు కార్పెట్ ఏరియా ఉంటే 1 శాతం. కంప్లీషన్ సర్టిఫికెట్ వచ్చాక కొంటే జీఎస్టీ లేదు. కట్టడంలో లోపాలకు అప్పగించిన నాటి నుంచి అయిదేళ్లు బిల్డరుదే బాధ్యత.

ప్రశ్న: గోడౌను మీద పాత ఆస్‌బెస్టాస్ రేకులున్నాయి. పాత సామాను వ్యాపారి పగలగొట్టి తీసుకుపోతానంటున్నాడు.

పగలగొట్టనివ్వకండి. పగిలినప్పుడు లేచే కంటికి కనపడని పీచే ఊపిరితిత్తులకు చేటు. రేకుల్ని నీళ్లతో బాగా తడిపి, బోల్టులు రించితో విప్పి లేదా కోసి, నిండు రేకుగా దించాలి. పై నుంచి విసరకూడదు. పనివాళ్లకు రుమాలు చాలదు, ఎఫ్ఎఫ్‌పీ3 మాస్కులు ఇవ్వాలి. మందపాటి పాలిథీన్‌లో రెండు వరసలు చుట్టి, కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్న వ్యర్థాల కేంద్రానికి పంపాలి. విశాఖ దగ్గర పరవాడలో అలాంటిది ఉంది. బాయిలరు ఆవిరి పైపులకు చుట్టిన తెల్ల తాడు, పిండిలాంటి పూత రేకుల కంటే ప్రమాదం. వాటిని వ్యాపారికి అస్సలు ముట్టుకోనివ్వొద్దు.

ప్రశ్న: భీమవరం దగ్గర మా సైటు చుట్టూ రొయ్యల చెరువులే. బోరు నీళ్లు ఉప్పగా ఉన్నాయి. కాంక్రీటుకు వాడొచ్చా? మిల్లు కూల్చగా వచ్చిన ఇటుకలు కూడా వాడాలనుకుంటున్నాం.

నాలుకతో తేల్చుకోకండి, పరీక్ష చేయించండి. ఇనుము వేసే కాంక్రీటుకు లీటరు నీళ్లలో క్లోరైడు 500 మిల్లీగ్రాములు దాటకూడదు. ఇనుము లేని కాంక్రీటుకు 2000 దాకా పర్వాలేదు. సల్ఫేటు 400 లోపు, పీహెచ్ 6కు తగ్గకూడదు. మించితే కాలువ నీళ్లు ట్యాంకరుతో తెప్పించుకోండి. కాలువ కట్టేసే నెలలకు ముందే ఏర్పాటు చేసుకోవాలి, లేకపోతే స్లాబు మధ్యలో ఆ ఉప్పు బోరే దిక్కవుతుంది. చాలామంది కాంక్రీటు మంచి నీళ్లతో కలిపి, తడపడానికి మాత్రం బోరు నీళ్లు వాడతారు. అదీ కూడదు, ఉప్పు పైనుంచి లోపలికి దిగుతుంది. పునాది, స్టిల్టు స్తంభాలకు కాంక్రీటు గ్రేడు ఎం30కు తగ్గకుండా, కవరు (ఇనుము మీద ఉండే కాంక్రీటు మందం) పునాదికి 50, స్తంభాలకు 45 మిల్లీమీటర్లకు తగ్గకుండా ఉంచండి. కవరు దిమ్మెలు సైటులో ఇసుక ఎక్కువేసి పోసుకున్నవైతే తేమ వాటిలోంచే దారి చేసుకుంటుంది. అదే గట్టి కాంక్రీటుతో పోసినవే పెట్టించండి.

ఇటుకల్లో నేల నుంచి అయిదడుగుల లోపువి పక్కన పెట్టేయండి, ఉప్పు తాగి ఉంటాయి. పైవాటిలో ఏ కుప్ప నుంచైనా అయిదింటిని ఎండబెట్టి తూచి, ఒక రోజంతా నానబెట్టి మళ్లీ తూచండి. బరువు అయిదోవంతుకు మించి పెరిగితే అవి గోడలకు పనికిరావు, నేల కింద పరుపుకు వాడుకోండి. ఆగినవాటికి అంటుకున్న పాత సున్నం చేత్తో గీకితే వచ్చేస్తుంది. సిమెంటుతో కట్టిన భాగాల ఇటుకలైతే శుభ్రం చేసే కూలితో కొత్తవే వస్తాయి. మిల్లు పాత భాగం, తర్వాత కట్టిన భాగం కుప్పలు కూల్చేటప్పుడే విడివిడిగా వేయించండి.